పాత ఐ3 డెస్క్‌టాప్‌లో వీడియో ఆగి ఆగి వస్తోంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తగ్గుతుందా?

మీరు రాసినదాన్ని బట్టి సిస్టమ్ ఇది: కోర్ ఐ3-3220, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, హార్డ్‌డిస్క్, విండోస్ 10. యూట్యూబ్‌లో 1080పీ పెడితే మాట సరిగ్గా వస్తుంది కానీ బొమ్మ తడబడుతుంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సినిమాల్లో కొన్ని శుభ్రంగా ఆడతాయి, కొన్ని అసలు కదలవు. షాపులో ర్యామ్ పెంచి ఎస్‌ఎస్‌డీ వేయించమన్నారు.

ఎస్‌ఎస్‌డీ మంచిదే, సిస్టమ్ త్వరగా ఆన్ అవుతుంది. కానీ ఈ తడబాటుకి అది మందు కాదు. లెక్క చూడండి: రెండున్నర గంటల సినిమా 2.5 జీబీ ఉంటే డిస్కు నుంచి సెకనుకి దాదాపు 0.28 ఎంబీ చదివితే చాలు. ఎంత పాత హార్డ్‌డిస్క్ అయినా సెకనుకి పదుల ఎంబీలు చదువుతుంది.

అసలు చిక్కు డీకోడింగ్‌లో ఉంది. కుదించిన వీడియోని విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో విడిగా ఒక సర్క్యూట్ ఉంటుంది. దానికి తెలిసిన ఫార్మాట్ అయితే ప్రాసెసర్‌కి దాదాపు పనే ఉండదు. తెలియని ఫార్మాట్ అయితే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది. మీది 2012 నాటి ఐవీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్. అందులోని హెచ్‌డీ 2500 గ్రాఫిక్స్‌కి హెచ్.264 బాగా వచ్చు. కొత్త ఫార్మాట్లయిన వీపీ9, హెచ్‌ఈవీసీ (హెచ్.265), ఏవీ1 రావు. ఇంటెల్‌లో హెచ్‌ఈవీసీ 8-బిట్‌కి (రంగుల వివరం మామూలుగా ఉండే రకం; 10-బిట్‌లో ఇంకా ఎక్కువ) పూర్తి హార్డ్‌వేర్ సాయం 2015 స్కైలేక్ తరంతో వచ్చింది. హెచ్‌ఈవీసీ 10-బిట్, వీపీ9 ఆ తర్వాతి కేబీ లేక్‌తో, ఏవీ1 2020 టైగర్ లేక్‌తో వచ్చాయి. మీ సినిమాల్లో ఆడేవి హెచ్.264, ఆడనివి హెచ్‌ఈవీసీ అయి ఉంటాయి. వీఎల్‌సీలో సినిమా నడుస్తుండగా కంట్రోల్, జె కలిపి నొక్కితే కోడెక్ (వీడియోని కుదించిన ఫార్మాట్) పేరు కనిపిస్తుంది, సరిపోల్చుకోండి.

ముందు యూట్యూబ్ సంగతి. వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" తెరవండి. అందులో మూడు చోట్ల చూస్తే చాలు. "కోడెక్స్" వరుసలో వీపీ09 లేదా ఏవీ01 అని ఉంటే మీ గ్రాఫిక్స్‌కి రాని ఫార్మాట్ వస్తున్నట్టు. ఏవీసీ1 అని ఉంటే అది హెచ్.264. "ఫ్రేమ్స్" వరుసలో డ్రాప్డ్ అంకె ఆగకుండా పెరుగుతుంటే సిస్టమ్ అందుకోలేకపోతోందని అర్థం. "బఫర్ హెల్త్" సున్నాకి పడిపోతుంటే మాత్రం తప్పు నెట్‌ది, కంప్యూటర్‌ని ముట్టుకోకండి.

వీపీ09 లేదా ఏవీ01 కనిపిస్తే ఫైర్‌ఫాక్స్ వేసుకుని, దాని యాడ్-ఆన్స్‌లో "ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఐఫై" పెట్టండి. వీపీ9, ఏవీ1 బ్లాక్ చేస్తే యూట్యూబ్ హెచ్.264 పంపుతుంది. ఆ పని చేశాక 1440పీ, 4కే ఆప్షన్లు మాయమవుతాయి, ఎందుకంటే యూట్యూబ్ హెచ్.264ని 1080పీ వరకే ఇస్తుంది. కంగారు పడక్కర్లేదు. అదే యాడ్-ఆన్‌లో 60 ఎఫ్‌పీఎస్‌ని ఆపే ఆప్షన్ కూడా ఉంది. ఇంకా తడబడుతుంటే అదీ పెట్టండి, పని సగానికి తగ్గుతుంది. మీ మానిటర్ 1366×768 అయితే 720పీ చాలు. 1080పీ పెట్టినా అదనపు పిక్సెళ్లు తెర మీదకు రావు, వాటిని విప్పే శ్రమ మాత్రం మిగులుతుంది.

ఇదంతా గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా ఉంటేనే. విండోస్ కొత్తగా వేసిన పాత సిస్టమ్‌లలో తరచూ కనిపించే లోపం ఇదే: డివైస్ మేనేజర్‌లో "డిస్‌ప్లే అడాప్టర్స్" కింద ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ బదులు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటుంది. అలా ఉంటే హెచ్.264 కూడా ప్రాసెసరే మోస్తుంది. ఐవీ బ్రిడ్జ్‌కి ఇంటెల్ ఇచ్చిన డ్రైవర్ వరుస 15.33, అదే వేయాలి. డ్రైవర్ అప్‌డేటర్ పేరుతో దొరికే ఉచిత సాఫ్ట్‌వేర్లు వద్దు, వాటితో వచ్చే చెత్తే ఎక్కువ. డ్రైవర్ వేశాక బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎవరో ఎప్పుడో ఆపేసి వదిలేసిన సిస్టమ్‌లు చాలానే ఉంటాయి.

టాస్క్ మేనేజర్‌లో జీపీయూ గ్రాఫ్ మీకు కనిపించదు. అది డబ్ల్యూడీడీఎం (విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్ల ప్రమాణం) 2.0 డ్రైవర్ ఉన్నవాటికే వస్తుంది, మీ డ్రైవర్ అంతకంటే పాతది. కాబట్టి సీపీయూ శాతమే కొలత: హెచ్.264 1080పీ నడుస్తున్నప్పుడు వీఎల్‌సీలో అది తక్కువగా, నిలకడగా ఉండాలి. వంద దగ్గర కొట్టుకుంటుంటే హార్డ్‌వేర్ డీకోడింగ్ జరగడం లేదు. వీఎల్‌సీలో టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్/కోడెక్స్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని "ఆటోమేటిక్" చేయండి.

ఇక హెచ్‌ఈవీసీ సినిమాలు. 8-బిట్ 1080పీ, బిట్‌రేట్ (సెకనుకి వాడే డేటా) తక్కువ ఉన్నవాటిని ఈ ఐ3 ఈడ్చుకొస్తుంది. 10-బిట్ అయితే కష్టం, 4కే అయితే ఆశ వదులుకోండి. పైన చెప్పిన ఇన్‌పుట్/కోడెక్స్ పేజీలోనే డీబ్లాకింగ్ ఫిల్టర్‌ని (బొమ్మలోని గళ్లని నునుపు చేసే దశ) దాటవేసే ఆప్షన్ ఉంది. పేరులో హెచ్.264 అని ఉన్నా హెచ్‌ఈవీసీకీ పనిచేస్తుంది. దాన్ని "ఆల్" చేస్తే భారం తగ్గుతుంది, బదులుగా చీకటి సీన్లలో గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. నాకైతే ఆ గళ్లు నచ్చవు. మళ్లీ మళ్లీ చూసే సినిమా అయితే వీడియో ఫార్మాట్ మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో "ఫాస్ట్ 720పీ30" ప్రీసెట్ పెట్టి రాత్రంతా వదిలేయండి. అందులోని ఎక్స్264 ఎన్‌కోడర్‌తో 8-బిట్ హెచ్.264 ఫైల్ వస్తుంది, అది మీ సిస్టమ్‌లో హాయిగా ఆడుతుంది. క్వాలిటీ ఆర్‌ఎఫ్ 20 నుంచి 22 మధ్య ఉంచండి; అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైల్ పెరుగుతుంది.

మొదటి పది నిమిషాలు బాగా ఆడి ఆ తర్వాత తడబాటు మొదలైతే అది వేడి. కోర్ టెంప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వీడియో నడుస్తుండగా చూడండి. 90 డిగ్రీలు దాటుతుంటే హీట్‌సింక్‌లో దుమ్ము పేరుకుని ఉంటుంది, లేదా ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది కందిగింజంత ప్రాసెసర్ మధ్యలో పెట్టండి. ఇంటెల్ ఫ్యాన్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, ఎదురెదురు మూలలవి జంటగా నొక్కాలి. నాలుగూ బోర్డు అవతలివైపు బయటికి వచ్చాయో లేదో చూడండి. ఒక్కటి వదులుగా ఉన్నా వేడి దిగదు.

ర్యామ్ మాత్రం వేయించండి, షాపువాళ్లు ఆ మాట తప్పు చెప్పలేదు. 4 జీబీతో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే విండోస్ డిస్కుని ర్యామ్‌లా వాడటం మొదలుపెడుతుంది, అప్పుడు డిస్కు 100 శాతానికి వెళ్లి బొమ్మ ఆగుతుంది. పైగా ఇంటెల్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే ఉన్న 4 జీబీ పక్కన రెండో స్లాట్‌లో అదే స్పీడు 4 జీబీ డీడీఆర్3 పెడితే డ్యుయల్ ఛానెల్ అవుతుంది, అంటే రెండు స్టిక్‌లూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి, గ్రాఫిక్స్‌కి లాభం. చౌకగా దొరికే కొన్ని డీడీఆర్3 స్టిక్‌లు ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి, ఇంటెల్‌లో పెడితే డిస్‌ప్లే రాదు. కొనేటప్పుడు ఇంటెల్ హెచ్61కి అని చెప్పి, అక్కడే పెట్టించి చూడండి.

హెచ్‌ఈవీసీ, వీపీ9 ఎలాగైనా కావాలంటే గ్రాఫిక్స్ కార్డే దారి. జీటీ 710 ఎవరిచ్చినా తీసుకోకండి, దానికి కూడా ఈ రెండూ రావు. జీటీ 1030కి రెండూ వచ్చు, 10-బిట్ కూడా, ఏవీ1 రాదు. 30 వాట్లే తింటుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) సరిపోతుంది. వీడియో కోసమే అయితే ఈ కార్డులో డీడీఆర్4 మెమరీ ఉన్న రకమైనా చాలు. కొనేముందు రెండు చూసుకోండి. క్యాబినెట్ సన్నగా ఉంటే లో-ప్రొఫైల్ (పొట్టి) బ్రాకెట్ కావాలి. రెండోది, ఈ కార్డుకి వీజీఏ పోర్టు ఉండదు, దాని డీవీఐ కూడా డిజిటల్ మాత్రమే. నీలం రంగు వీజీఏ కేబుల్ ఉన్న పాత మానిటర్ అయితే మామూలు డీవీఐ-వీజీఏ పిన్ పనిచేయదు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కూడా కలిపి కొనాలి.