ఉద్యోగం మానేశాక అదే వ్యాపారం పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ. విత్తనాలు, పురుగుమందుల కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఏరియా మేనేజర్‌గా పని చేస్తూ నెలలో ఇరవై రోజులు గద్వాల, అచ్చంపేట, మిర్యాలగూడ తిరుగుతున్నాను. అమ్మకు పక్షవాతం వచ్చింది, పాపకు నా దగ్గర చనువే లేదు. ఉద్యోగం మానేసి ఊళ్లోనే ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టాలనుకుంటున్నాను. కానీ మానేశాక రెండేళ్లు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇదే వ్యాపారం చేయకూడదని, చేస్తే మూడు లక్షలు కట్టాలని అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఉంది. ఉద్యోగంలో ఉండగానే నా భార్య పేరుతో దుకాణం తెరవవచ్చా?

జవాబు: మీరు ఉద్యోగం నుంచి బయటికి వచ్చిన తరువాతి కాలానికి ఆ షరతు చెల్లదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధమైన వృత్తిని గానీ వ్యాపారాన్ని గానీ చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లుబాటు కాదు. తన వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికున్న పేరుప్రతిష్ఠల విలువతో) సహా అమ్ముకున్నవారికి మాత్రమే ఆ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా ఒప్పందం ముగిశాక అమలయ్యే ఆంక్ష చెల్లదనే చెప్పింది. షరతే చెల్లనప్పుడు దాన్ని మీరారంటూ మూడు లక్షలు అడిగే హక్కు కూడా నిలవదు.

నన్ను కలవరపెట్టింది మీ చివరి ప్రశ్న. ఉద్యోగంలో ఉన్నంతకాలం పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు చెల్లుతుంది. అటువంటి షరతును 1967లోనే గోలికారి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. లైసెన్సు మీ భార్య పేరున ఉన్నా, సరుకు తెప్పించేదీ డీలర్లతో మాట్లాడేదీ మీరేనని తేలితే, కంపెనీ మిమ్మల్ని క్రమశిక్షణ చర్య కింద తొలగించి నష్టపరిహారం కోరవచ్చు. అమ్మగారి పరిస్థితి చూస్తే ఒక్క వారం కూడా ఆగాలనిపించదని తెలుసు, అయినా దయచేసి ఆ దారి పట్టకండి.

రాజీనామాను ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపి, నోటీస్ పీరియడ్ పూర్తి చేయండి, లేదా ఒప్పందం అనుమతిస్తే దానికి బదులు జీతం కట్టండి. మీ వంటి ఉద్యోగంలో అసలు చిక్కు డీలర్ల బాకీలతో వస్తుంది. వెళ్లిపోయిన మనిషి మీద పాత బాకీలన్నీ మోపి ఆఖరి లెక్క ఆపేసిన వ్యవహారాలు నా దగ్గరకు తరచూ వస్తుంటాయి. కాబట్టి రిలీవ్ అయ్యేలోపే ప్రతి డీలరు దగ్గర బాకీ ఎంతో, నిల్వ ఎంతో సంతకం, ముద్రతో రాయించుకుని, ఒక ప్రతి కంపెనీకి ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోండి. కంపెనీ ధరల వివరాలు, డీలర్ల జాబితాలు మాత్రం మీ వెంట తెచ్చుకోకూడదు. ఆ గోప్యత బాధ్యత మానేశాక కూడా ఉంటుంది. ఐదేళ్లు దాటిన సర్వీసు కనుక ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ 30 రోజుల్లో రావాలి.

దుకాణానికి విత్తనాలు, ఎరువులు, పురుగుమందులకు వేర్వేరు అనుమతులు కావాలి. ఎరువులకు ఫారం-ఓ (సరుకు ఎవరి నుంచి వస్తుందో తెలిపే పత్రం), పురుగుమందులకు ప్రిన్సిపల్ సర్టిఫికెట్ (తమ మందులు అమ్మేందుకు కంపెనీ ఇచ్చే పత్రం) సరఫరాదారులే ఇవ్వాలి కనుక వేరే కంపెనీలతో ముందుగా మాట్లాడుకోవడం అవసరమే, కానీ ఆ మాటలు రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చాకే మొదలుపెట్టండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ విషయంలో చాలా రాష్ట్రాల్లో సరుకుల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 40 లక్షల పరిమితి ఉన్నా, తెలంగాణలో అది 20 లక్షలే.

కంపెనీ నుంచి లాయర్ నోటీసు వస్తే ఊరుకోకుండా జవాబు ఇవ్వండి. మీకు తెలియకుండా ఇంజంక్షన్ (దుకాణం నడపకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే, వారు దావా వేయగల కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఏ కింద కేవియట్ (మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే కోరే దరఖాస్తు) వేయించండి. అది 90 రోజులు అమలులో ఉంటుంది.