ఆశ్రమంలో నాన్నగారు లావయ్యారు, రాత్రి అన్నం మాన్పించనా?

విజయవాడలో ఆశ్రమంలో చేరిన ఏడాదిలో మీ నాన్నగారు 10 కిలోలు పెరిగారని, రాత్రి అన్నం మాన్పించాలా అని అడిగారు. ఇప్పుడే మాన్పించకండి. మా అమ్మ విషయంలో మేం సరిగ్గా ఆ తప్పే చేశాం.

అమ్మ గుంటూరులో ఒక వృద్ధాశ్రమంలో ఉంటుంది. బరువు 78 దాటేసరికి టెన్షన్ పడి, రాత్రికి రెండు పుల్కాలు, పల్చటి మజ్జిగ చాలని వంటమనిషికి చెప్పాం. రెండు నెలల్లో 5 కిలోలు తగ్గితే సంతోషించాం. కానీ తనంతట తాను మంచం దిగే మనిషి బాత్రూమ్‌కి కూడా ఆయమ్మ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఒక తెల్లవారుజామున షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమటలు. తిండి తగ్గించాం గానీ షుగర్ మాత్ర డోసు గురించి డాక్టర్‌ని అడగనేలేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

ఈ వయసులో తిండి ఒక్కటే కోస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుందని డాక్టర్ అప్పుడు చెప్పారు. పైకి లావుగా ఉన్నా లోపల కండ తక్కువగా ఉండటాన్ని సార్కోపీనిక్ ఒబేసిటీ అంటారు. కిడ్నీ సమస్య లేకపోతే కిలో బరువుకి రోజుకి కనీసం 1 గ్రాము ప్రొటీన్ కావాలి. అందుకని అన్నం కాస్త తగ్గించి ముద్దపప్పు, గుడ్డు, పెరుగు పెంచాం. చేతుల కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోవడం, రోజుకి మూడు పూటలా. మన ఎండల్లో బయట నడవమనలేం, వరండా చాలు.

అసలు చిక్కు దాతల భోజనాలతో. ఒకరోజు ఎవరిదో పుట్టినరోజు, ఇంకోరోజు ఎవరిదో వర్ధంతి. లడ్డూ, పులిహోర, పాయసం. పెట్టేవాళ్లది మంచి మనసు, పెద్దవాళ్లకూ ఆ పూట నలుగురు వచ్చి పలకరించడమే పండగ. వద్దనడం నాకూ ఇష్టం లేదు. అందుకే మా నాన్న సంవత్సరీకానికి మేమే బొప్పాయి ముక్కలు, మెత్తగా ఉడికిన శనగ గుగ్గిళ్లు తీసుకెళ్లాం. అందరూ ఇష్టంగా తిన్నారు.

ఈ ఆదివారం వెళ్లినప్పుడు పాదం మీద వేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంట పడితే అది నీరు కావచ్చు, గుండె, కిడ్నీ పరీక్షలు చేయించాలి. మందుల చీటీ కూడా డాక్టర్‌కి చూపించండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని నిద్ర, మనోవ్యాధి మాత్రలు కూడా బరువు పెంచుతాయి. థైరాయిడ్ పరీక్ష చేయించండి. రాత్రి అన్నం సంగతి ఆ తర్వాత చూడొచ్చండి.