పిల్లికి స్కానింగు అంటే ఇంట్లో నవ్వుతున్నారు

ప్రశ్న: మా పిల్లి బుజ్జికి నాలుగేళ్లు. మూడో అంతస్తులోని మా ఫ్లాటు దాటి బయటికి వెళ్లదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని తీసుకెళ్తే, గుండెలో మర్మర్ వినిపిస్తోందని, ఆరింట మూడో స్థాయి అని డాక్టరు వాయిదా వేశారు. హైదరాబాదు తీసుకెళ్లి గుండె స్కానింగు చేయించమన్నారు. గుండె సగం పోయినట్టేనా? అప్పటి నుంచి రాత్రిళ్లు హాల్లో దాని పక్కనే పడుకుని ఊపిరి చూసుకుంటున్నాను. మూడో తరగతి చదివే మా పాపను దానితో ఆడనివ్వడం లేదు. మావారు ‘పిల్లికి స్కానింగా?’ అని నవ్వుతారు. మాది శాకాహార కుటుంబం, దానికీ పాలన్నం, పెరుగన్నమే పెడతాం. మామగారి గుండె మాత్రలో సగం వేస్తే సరిపోతుందని అత్తగారి సలహా. పైగా ‘మీ మామయ్యకు స్టెంటు వేసినప్పుడు కూడా నువ్వు ఇన్ని రాత్రులు మేలుకోలేదు’ అన్నారు. ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. పశువైద్యులు చెప్పకుండా మనుషుల మందు సగం కాదు, పావు కూడా వేయకండి. జ్వరానికి మనం అలవాటుగా మింగే పారాసెటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. మామగారి మందుల డబ్బాను పై అరలోకి మార్చండి.

గుండె సగం పోలేదమ్మా. మర్మర్ అంటే గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు శబ్దం. ఆరింట మూడు అన్నది స్టెతస్కోపులో ఆ శబ్దం ఎంత గట్టిగా వినిపించిందో చెప్పే అంకె. రక్తం సాఫీగా సాగకుండా సుడి తిరిగితే ఆ శబ్దం వస్తుంది. బుట్టలో పెట్టి, ఆటోలో కుదిపి, కుక్కలు మొరిగే చోట బల్ల మీద నిలబెడితే పిల్లి గుండె నిమిషానికి రెండు వందల సార్లు కొట్టుకోవడం వింత కాదు. కొన్ని పిల్లులకు ఆ కంగారులోనే శబ్దం పుడుతుంది, నెమ్మదించాక పోతుంది. రక్తహీనత వల్లా రావచ్చు. అలాగని కొట్టిపారేయలేం. గుండె గోడలు మందమయ్యే జబ్బు పిల్లుల్లో ఎక్కువ. అందులో శబ్దం ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. చెవితో తేలేది కాదు కనుకనే డాక్టరు ఎకో స్కానింగు అడిగారు. అది తేలితే ఆపరేషన్ చేయవచ్చో లేదో, చేస్తే మత్తుమందు, సెలైన్ ఎంత జాగ్రత్తగా ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాలుగేళ్లుగా పాలన్నం, పెరుగన్నమేనా? ఈ సంగతి డాక్టరుకు చెప్పారా? పిల్లి గుండెకు టారిన్ అనే పదార్థం కావాలి. దాన్ని పిల్లి ఒళ్లు తగినంత తయారుచేసుకోలేదు. మాంసం, చేపల నుంచే అందాలి. అది లోపిస్తే గుండె కండరం బలహీనపడి సాగిపోతుందని, టారిన్ ఇస్తే మళ్లీ కోలుకోగలదని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పాల్ పియన్ బృందం చూపింది. ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల ఆహారంలో టారిన్ పెంచాయి. ‘మా ఊళ్లో పిల్లులు పెరుగన్నం తిని బతకలేదా’ అని అత్తగారు అంటే, అవి పెరడులో ఎలుకలనూ బల్లులనూ పట్టుకుని లోటు తీర్చుకునేవి. మీ బుజ్జికి మూడో అంతస్తులో ఎలుకలెక్కడివి? పిల్లుల కోసం తయారైన ప్యాకెట్ ఆహారాన్ని పాత తిండితో కలుపుతూ మెల్లగా అలవాటు చేయండి. గిన్నె బాల్కనీలో పెట్టుకుంటే వంటింటి మడికి భంగం రాదు. బుజ్జి సమస్య ఇదేనని నేననను, కానీ ఇదే అయితే మందు ఉన్న జబ్బు. స్కానింగు చేసే డాక్టరుకు మొదట చెప్పవలసిన మాట ఇది.

ఇక రాత్రి కాపలా మానేయండి. రోజుకోసారి, బుజ్జి గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెడితే చాలు. ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ముప్పై లోపు ఉంటే నిశ్చింతగా వెళ్లి పడుకోండి. దాటితే కాసేపాగి మళ్లీ చూడండి, అప్పుడూ దాటితే డాక్టరుకు ఫోను చేయండి. ఈ పని పాపకు అప్పగించండి, క్యాలెండరు మీద రాస్తుంది. పిల్లితో ఆడుకోనివ్వండి కూడా. దానంతటది అలసిపోతే పక్కకు వెళ్లి పడుకుంటుంది. నోరు తెరిచి రొప్పినా, వెనక కాళ్లు హఠాత్తుగా చచ్చుబడి అరిచినా మాత్రం ఒక్క క్షణం ఆగకూడదు.

మీవారు నవ్వడం బాగాలేదు. కానీ ఖర్చు గురించి అడిగే హక్కు ఆయనకుంది. ఎంతవరకు పెట్టగలమో స్కానింగుకు ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. రిపోర్టు చేతికొచ్చాక, కన్నీళ్ల మధ్య ఆ లెక్కలు సాగవు.

అత్తగారి మాట మిమ్మల్ని నొప్పించడానికే అన్నది కాకపోవచ్చు. మామగారి ఆసుపత్రి రోజుల్లో మీరేం చేశారో మీరు రాయలేదు. ఉద్యోగం, పాప బడి, ఆసుపత్రికి క్యారియరు అన్నీ మీ మీదే పడి ఉండవచ్చు. అవేవీ ఆమె కంటపడలేదు. ఐసీయూ బయట ఆమె కూర్చున్న గంటలు మీ కంటపడలేదు. ఇప్పుడు మీ జాగారం చూసి ఆ లోటు గుర్తొచ్చింది. నేనేం తక్కువ చేశానని లెక్క చెప్పడానికి వెళ్లకండి. పిల్లి ఊసు లేకుండా, ‘ఆ రాత్రులు మీరెలా గడిపారు అత్తయ్యా’ అని అడిగి వినండి. స్కానింగుకు ఒప్పించే ఎత్తుగా మాత్రం అడగవద్దు, అత్తలు దాన్ని ఇట్టే పసిగడతారు. ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా స్కానింగు తేదీ ముందే తీసుకోండి.