స్కాన్ ఉచితంగా దొరుకుతుంటే పాత పుస్తకాల రీప్రింట్లు కొనాలా?

పాత యాత్రా పుస్తకాలు, ఊళ్ల చరిత్రలు స్కాన్ రూపంలో ఊరికే దొరుకుతున్నాయి కదా, మళ్లీ డబ్బు పెట్టి రీప్రింట్ కొనడం దండగ కాదా అని అడిగారు. దండగ కాదు, కొనండి. అయితే పీఠిక, వివరణలు తీసేసిన పుస్తకమైతే మాత్రం షాపులోనే వదిలేసి రండి.

ఈ జనవరిలో మా నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయింది. మూడు నెలలు మంచం మీదే. మాది చెన్నైలో తండయార్‌పేట. ఫోన్‌లో స్కాన్ చూపిస్తే అక్షరాలు ఆనడం లేదన్నారు. అందుకని ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ కొత్త రీప్రింట్ తెచ్చి, రోజూ సాయంత్రం చదివి వినిపించేదాన్ని. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18 రాత్రి తండయార్‌పేట నుంచి బయలుదేరి మాధవరం చేరారని మొదట్లోనే ఉంటుంది. అది వినగానే నాన్నగారు “ఆగమ్మా, మళ్లీ చదువు” అన్నారు. ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఆయన డ్యూటీకి వెళ్లిన దారి అది! ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం మూడు గంటలకే “ఇవాళ ఏ మజిలీ?” అని మొదలుపెట్టేవారు.

అహోబిలం అయింది, ఇక శ్రీశైలం ఎక్కాలి. పేజీ తిప్పితే కృష్ణ దాటేసి ఉన్నారు. మధ్యలో ఒక ఫారం, పదహారు పేజీలు, కుట్టనే లేదు. నాన్నగారు శ్రీశైలం ఎప్పుడూ చూడలేదు, ఆ భాగం కోసమే ఎదురుచూస్తున్నారు. ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే అమ్మిన కాపీ మార్చి ఇవ్వం అన్నారు. ఆ రాత్రి నాన్నగారు సరిగ్గా అన్నం తినలేదు.

చివరికి పెరంబూరులో మామయ్య గారింట్లో అట్ట ఊడిపోయిన 1941 ప్రతి దొరికింది. దిగవల్లి వేంకటశివరావు గారు పరిష్కరించిన మూడో కూర్పు అది. పక్కపక్కన పెట్టి చూస్తే నా పుస్తకంలో పోయినవి ఆ పదహారు పేజీలే కాదు. శివరావు గారు రాసిన పీఠిక, వీరాస్వామయ్య గారి జీవితం, అడుగున ఇచ్చిన వివరణలు అన్నీ ఎత్తేశారు. వీరాస్వామయ్య గారు 1836లోనే పోయారు కాబట్టి మూలాన్ని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. శివరావు గారు 1992 వరకు ఉన్నారు. రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కులుంటాయి కనుక వారసులను అడగాలి. అడిగే ఓపిక లేకే కత్తిరించేస్తారు, నాకందులో అనుమానం లేదు.

పైగా ‘చెన్నపట్టణం’ అని ఉన్న చోటల్లా ‘చెన్నై’ అని మార్చారు. ఎవరడిగారు? వీరాస్వామయ్య గారు దారి పొడుగునా రాసి పంపినదాన్ని ఆయన పోయిన రెండేళ్లకు, 1838లో, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారు అచ్చు వేయించారు. ఈ కంప్యూటర్ల కాలంలో పేజీలు వరుసగా కుట్టడం కూడా చేతకాదా?

కాబట్టి కొనేముందు పేజీ నంబర్లు చివరిదాకా తిప్పి చూసుకోండి. ఇంట్లో పాత ప్రతి ఉంటే అట్ట లేదని తూకానికి వేయకండి. నాన్నగారు ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు. మామయ్య గారి ప్రతి ఇంకా మా దగ్గరే ఉంది. కలకత్తా నుంచి బయలుదేరాం, పూరీ చేరాలి.