తలుపు కొట్టిందెవరో చెప్పకపోతే మోసం చేసినట్టేనా?

కథలోనో గేములోనో ఎవడో పిలవకుండా వచ్చి, ఎవడో ఎందుకొచ్చాడో చెప్పకుండా పోతే అది రాసినవాళ్ళ బద్ధకమే కదా అని ఒకరు అడిగారు. కొన్నిసార్లు బద్ధకమే, కాదనను. నేనూ ఒకప్పుడు అలాగే తిట్టుకున్నా.

ఇంగ్లీషు రచయిత డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' ఉంది కదా, కోతి పంజా మూడు కోరికలు తీర్చే కథ (నూట ఇరవై ఏళ్ళు దాటింది, స్పాయిలర్ అనకండి). చచ్చిపోయిన కొడుకు తిరిగి రావాలని రెండో కోరిక, అర్ధరాత్రి తలుపు చప్పుడు, తల్లి కుర్చీ ఎక్కి పైగడియ లాగుతుంటే తండ్రి చీకట్లో పంజా తడుముకుని మూడో కోరిక కోరేస్తాడు, తలుపు తీస్తే రోడ్డు ఖాళీ. మొదటిసారి చదివినప్పుడు పేజీ ఏమైనా ఊడిపోయిందేమో అని వెనక్కి తిప్పి చూశా, నిజంగా.

చాలా ఏళ్ళకి మళ్ళీ చదివితే ఇంకో సంగతి కనపడింది. ఆ కథలో పిలవని అతిథి ఇంకొకడున్నాడు, కొడుకు పనిచేసే కంపెనీ నుంచి వచ్చిన మనిషి. మూడుసార్లు గేటు దాకా వచ్చి వెనక్కి తగ్గుతాడు, నాలుగోసారి గానీ లోపలికి రాడు. వాడెవడో, ఎందుకొచ్చాడో అంతా చెప్పేశారు, అయినా నాకు తలుపు చప్పుడు కంటే ఆ గేటు దగ్గర తటపటాయింపే ఎక్కువ భయం. అంటే చెప్పడం చెప్పకపోవడం కాదు, వాడి రాకని ఎలా సాగదీశారన్నదే అసలు విషయం అని నాకనిపిస్తుంది.

2019లో వచ్చిన హారర్ వీడియో గేమ్ రెసిడెంట్ ఈవిల్ 2లో మన వెంటపడే రాక్షసుడు మిస్టర్ ఎక్స్ కూడా అంతే, వాడు ల్యాబ్‌లో తయారైన సరుకని తెలుసు, అయినా పై ఫ్లోర్లో ఆ బూట్ల చప్పుడు వినపడితే తెలిసిన దారి కూడా మర్చిపోయేదాన్ని. గేమ్ సేవ్ చేసుకునే టైప్‌రైటర్ ఉంది కదా, ఇక్కడికి రాడులే అని మెయిన్ హాల్లో నింపాదిగా నిలబడితే అక్కడికీ వచ్చేశాడు మహానుభావుడు.

ఇక అస్సలు అర్థం కానిది డార్క్ సోల్స్ అనే ఇంకో గేములో జరిగింది. అందులో ఆన్‌లైన్లో మనిషి రూపంలో ఉంటే వేరే ప్లేయర్ మన లోకంలోకి చొరబడి చంపొచ్చు, స్క్రీన్ మీద ఒక్క లైన్ వస్తుంది అంతే, పాజ్ లేదు, గేములో మాట్లాడే దారి కూడా లేదు. ఓసారి అలా ఎర్రగా మెరుస్తూ ఒకడు దిగాడు, నేను షీల్డ్ ఎత్తి గోడకి అతుక్కుపోయా, వాడు దూరంగా ఆగి వంగి దణ్ణం పెట్టాడు, నేల మీద ఏదో పడేశాడు, కాసేపు నావైపే చూస్తూ నించుని అంచు మీంచి దూకేశాడు. ఎందుకో ఇప్పటికీ తెలీదు, అడగడానికి వీల్లేదు కూడా. ఆ గేములో బాసుల (అంటే పెద్ద శత్రువుల) పేర్లు సగం మర్చిపోయా, ఆ దణ్ణం మాత్రం గుర్తుంది.

వాడు పడేసింది ఒక హ్యూమానిటీ, ఆ గేములో మనిషి రూపం తిరిగి తెచ్చుకోడానికి వాడే వస్తువు. గేమ్ రెండుసార్లు పూర్తి చేశా గానీ, దాన్ని వాడబుద్ధి కాలేదు.