టూర్ పాంప్లెట్‌లో ఒకటి, చూపించింది ఇంకొకటి: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక గ్రామం. మొన్న కార్తీకమాసంలో మా డ్వాక్రా సంఘం ఆడవాళ్ళం, పిల్లలతో కలిపి 14 మందిమి ఒక్కరోజు టూర్‌కి వెళ్ళాం. తలకు 1,900 రూపాయలు. అందరి దగ్గరా నేనే వసూలు చేసి, టూర్ ఆయన చెప్పిన ఆయన బావమరిది నంబరుకి ఫోన్‌పే చేశాను. బిల్లు అడిగితే ‘మనలో మనకి బిల్లేంటమ్మా’ అన్నాడు. ఏసీ టెంపో ట్రావెలర్, అనుభవం ఉన్న గైడు, మధ్యాహ్నం భోజనం, బొజ్జన్నకొండ గుహాలయాలు, తొట్లకొండ, రుషికొండ బీచ్, భీమిలి అని పాంప్లెట్‌లో వేశారు. తెల్లవారుజామున 3 గంటలకి రావాల్సిన బండి నాలుగున్నరకి వచ్చింది. ఏసీ లేదు. గైడని ఎక్కిన కుర్రాడు బొజ్జన్నకొండలో పాండవులు తలదాచుకున్నారని చెప్పాడు. అక్కడి బోర్డేమో బౌద్ధ క్షేత్రం అంటోంది. తొట్లకొండ ఎక్కించనే లేదు. అల్పపీడనం అని రుషికొండలో నీళ్ళలోకి దిగనివ్వలేదు. భీమిలి చేరేసరికి చీకటి పడింది. భోజనం మా డబ్బుతోనే తిన్నాం. బొజ్జన్నకొండ మెట్ల మీద మా పిన్ని (66 ఏళ్ళు) జారిపడింది, వైజాగ్ వెళ్ళాక ఆస్పత్రిలో చూపిస్తే చీలమండ విరిగిందన్నారు. డబ్బు అడిగితే ‘నో రిఫండ్ అని కింద రాశాం, కోర్టుకెళ్తే విశాఖపట్నంలోనే వేసుకోవాలి’ అంటున్నాడు. పైగా మా అమ్మాయిల్లో ఒకరు గుహ గోడ మీద బొగ్గుతో పేరు రాసిందనీ, కేసు పెట్టిస్తాననీ బెదిరిస్తున్నాడు. ఊళ్ళో వాళ్ళేమో ‘నువ్వే కదా కట్టించావు’ అని నన్ను అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పైన వేసింది అందులో సారం. ఏసీ గురించి పేజీన్నర, భోజనం గురించి ముప్పావు పేజీ ఉన్నాయి. మీ పిన్నిగారి గురించి ఉన్నవి రెండు వాక్యాలు. నా వృత్తిలో ఇది కొత్త కాదు. మనిషికి ఎక్కడ ఒళ్ళు మండిందో అక్కడ ఎక్కువ రాస్తారు, కేసు ఎక్కడుందో అక్కడ తక్కువ రాస్తారు. మీ కేసు ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. ముందు మీరు అడిగినవి తేల్చుకుని అక్కడికి వద్దాం.

మొదటిది, మీరు వినియోగదారులు అవుతారా లేదా అన్నది. అవుతారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం డబ్బు కట్టి సేవ కొనుక్కున్నవారే కాదు, వారి అనుమతితో ఆ సేవ వాడుకున్నవారు కూడా వినియోగదారులే. కాబట్టి ఫోన్‌పే చేసింది మీరొక్కరే అయినా 14 మందికీ హక్కు ఉంది. మీరొక్కరే సంతకం పెట్టి ఊరి మాటలన్నీ నెత్తిన వేసుకోవాల్సిన పని లేదు. పెద్దవాళ్ళందరూ కలిసి ఒకే ఫిర్యాదు మీద సంతకాలు చెయ్యండి, పిల్లల తరఫున తల్లులు చేస్తారు. ఇలా కొద్దిమంది కలిసి ఉమ్మడిగా ఫిర్యాదు వేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2021లో బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో స్పష్టంగా చెప్పింది. అప్పుడు ‘నువ్వే కట్టించావు’ అనేవాళ్ళ నోళ్ళు కూడా వాటంతటవే మూతపడతాయి.

‘విశాఖపట్నం కోర్టే’ అన్న లైనుకి భయపడకండి. వినియోగదారు తాను నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చని ఆ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు, కొత్తది 2020 జూలై 20న అమల్లోకి వచ్చాకే వచ్చింది. చట్టం ఇచ్చిన దాన్ని పాంప్లెట్ అడుగున చీమతలకాయంత అక్షరాలతో వేసిన లైను తీసేయలేదు. ఉమ్మడి తూర్పు గోదావరికి కాకినాడలో, రాజమహేంద్రవరంలో కమిషన్లు ఉన్నాయి. మీ మండలం దేని కిందకి వస్తుందో ఫైల్ చేసేముందు ఆ ఆఫీసులో ఒక మాట అడగండి. అవతలి పార్టీలుగా పాంప్లెట్ మీద పేరున్న ఆయన్నీ, డబ్బు అందుకున్న బావమరిదినీ ఇద్దరినీ చేర్చండి. ఒక్కరినే వేస్తే ‘డబ్బు నాకు రాలేదు’ అని ఆయన, ‘టూర్ నాది కాదు’ అని ఈయన తప్పించుకుంటారు.

‘నో రిఫండ్’ సంగతి. మీరు మనసు మార్చుకుని ప్రయాణం మానేసి ఉంటే ఆ మాటకి కొంత బలం ఉండేదేమో. ఇస్తామన్నది ఇవ్వకుండా ‘నో రిఫండ్’ అంటే అది వేరే కథ. లోపం ఉన్న సేవకి బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో, డబ్బు తిరిగివ్వకపోవడాన్ని చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల జాబితాలో పెట్టింది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది. ‘మనలో మనకి బిల్లేంటమ్మా’ అన్న ఆ తియ్యటి మాట మీ ఫిర్యాదులో ఒక పేరా అవుతుంది.

ఇక ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు అన్నది. ఏసీ అని చెప్పి నాన్ ఏసీ బండి పెట్టడం, భోజనం పెట్టకపోవడం, తొట్లకొండ ఎగ్గొట్టడం నిలుస్తాయి. రుషికొండలో నీళ్ళలోకి దిగనివ్వకపోవడం మాత్రం వదిలెయ్యండి. అల్పపీడనం రోజున సముద్రంలోకి దించి ఉంటే ఇవాళ మీరు నాకు ఇంకా పెద్ద ఉత్తరం రాసేవారు. అది ఆయన సరిగా చేసిన ఒకే ఒక్క పని, దాన్ని ఫిర్యాదులో కలిపితే మిగతావి పలచబడతాయి. తొట్లకొండకి మాత్రం అల్పపీడనం సాకు పనికిరాదు. అది భీమిలి రోడ్డు పక్కనే ఉన్న కొండ, మీ బండి దాని కింద నుంచే వెళ్ళింది. టైం లేకపోయింది అంటారు. టైం ఎందుకు లేకపోయింది? గంటన్నర ఆలస్యంగా వచ్చారు కనుక. అసలు లంక గ్రామం నుంచి యానాం వంతెన దాటి, కాకినాడ మీదుగా భీమిలి దాకా రెండొందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వెళ్ళి, దారిలో నాలుగు చోట్ల దింపి, రాత్రికి ఇంటికి చేరుస్తామని రాసినప్పుడే ఆ లెక్క తేలదని ఆ వ్యాపారంలో ఉన్నవాడికి తెలియదా? ఈ ప్రశ్న కమిషన్ ముందు అడగాల్సిందే.

గైడు విషయం నాకు వ్యక్తిగతంగా మంట పుట్టించింది. బొజ్జన్నకొండ, దాని పక్కనే ఉన్న లింగాలకొండ కొండరాయిని తొలిచి చేసిన గుహలు, స్తూపాలు. బుద్ధుడి కొండే జనం నోట నలిగి బొజ్జన్నకొండ అయిందంటారు. రాతిలో తొట్లు తొలిచి వాననీళ్ళు పట్టుకున్న భిక్షువుల కొండ కాబట్టే తొట్లకొండకి ఆ పేరు. ఇవేమీ తెలియని కుర్రాడికి ‘అనుభవం ఉన్న గైడు’ అని బిరుదు తగిలించారు. మన కోనసీమలోనే ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఆనవాళ్ళు పెట్టుకుని మనకి పాండవుల కథ చెబితే ఎలా? సరే, కోపం పక్కన పెడదాం. తప్పు కథ చెప్పినందుకు ఇంత డబ్బు అని లెక్కగట్టడం కష్టం. కానీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడంలో డబ్బు తీసుకుని సందర్శకులను తిప్పి చూపించాలంటే ఆ శాఖ లైసెన్సు ఉండాలని 1959 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ కుర్రాడి లైసెన్సు చూపించమని నోటీసులో అడగండి. చూపించలేకపోతే ‘అనుభవం ఉన్న గైడు’ అన్నది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. కథ తప్పని వాదించడం కన్నా ఇది తేలిక.

బొగ్గు రాతల బెదిరింపు గురించి సూటిగా చెబుతాను. రాసి ఉంటే తప్పే. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం 30వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ అమ్మాయిని పిలిచి నిజం కనుక్కోండి, ఫిర్యాదుతో ఇచ్చే ప్రమాణపత్రంలో మాత్రం అబద్ధం రాయకండి. అయితే దానికీ మీ డబ్బుకీ ముడి లేదు. ఆ అమ్మాయి తప్పు చేస్తే టూర్ ఆయన ఏసీ బాకీ తీరిపోదు. పైగా గోడ మీద రాస్తుంటే ఆపాల్సిన గైడు ఎక్కడున్నాడు అన్న ప్రశ్న ఆయనకే తగులుతుంది. ఆ బెదిరింపు వాట్సాప్‌లో వచ్చి ఉంటే డిలీట్ చెయ్యకండి.

ఇప్పుడు పిన్నిగారి దగ్గరికి వద్దాం. మెట్ల మీద జారిపడటం ఒక్కటే అయితే నేను మీకు పెద్ద ఆశ పెట్టేవాణ్ణి కాదు. కొండ మెట్లు ఎవరికైనా జారతాయి, ఎక్కడం ఆమె ఇష్టం అని అవతలి లాయరు అంటాడు, అందులో కొంత న్యాయం కూడా ఉంది. తడి మెట్ల మీదకి ఎక్కించారా, పెద్దవాళ్ళు కింద ఉండండి అని ఎవరైనా చెప్పారా, గైడు పక్కన ఉన్నాడా అన్నవి చూడాలి. మీ ఉత్తరం మూడో పేజీ చివర్లో ఇలా రాశారు: ‘గైడు కింద టీ తాగుతున్నాడు, పిన్ని కాలు వాచిపోయి ఏడుస్తుంటే డ్రైవరు ఇప్పటికే లేటు అన్నాడు, మధ్యాహ్నం వైజాగ్‌లో చూపించాం.’

బొజ్జన్నకొండ నుంచి అనకాపల్లి ఊరు ఎంత దూరం? మూడు కిలోమీటర్లు, మహా అయితే నాలుగు. ఆటోలో పది నిమిషాలు. అక్కడ ఆస్పత్రులు ఉండగా విరిగిన కాలుతో ఉన్న పెద్దావిడని సీట్లో కూర్చోబెట్టి, వైజాగ్ ట్రాఫిక్‌లో తిప్పి, మధ్యాహ్నం దాకా ఆపారు. జారిపడటం ప్రమాదం కావచ్చు. పడ్డ తర్వాత జరిగింది మాత్రం నిర్లక్ష్యం. తన బండిలో, తన చేతుల్లో ఉన్న ప్రయాణికురాలికి దెబ్బ తగిలితే దగ్గరి వైద్యం అందించడం టూర్ నడిపేవాడి కనీస బాధ్యత. ‘మీ రిస్కు మీదే’ అని పాంప్లెట్‌లో రాసుకున్నా దీన్నుంచి బయటపడటం తేలిక కాదు. మీరు ఫిర్యాదును ఈ పేరాతో మొదలుపెట్టండి. ఏసీ, భోజనం తర్వాత వస్తాయి.

డబ్బు ఎంత అడగాలి? మీ బంధువు ఎవరో ఐదు లక్షలు అడగమన్నారట. వద్దు. మీరు కట్టింది 26,600. అందులో ఏసీ తేడా, భోజనం, చూపించని చోట్ల వాటా కలిపి ఒక సమంజసమైన లెక్క వేసి అడగండి. మొత్తం వాపసు అంటే, బొజ్జన్నకొండ చూశారు కదా, ప్రయాణం చేశారు కదా అంటారు. పిన్నిగారికి మాత్రం విడిగా: ఆస్పత్రి బిల్లులు, పిండికట్టు, మందులు, ఆటో ఖర్చు, ఆమె పనికి వెళ్ళలేకపోయిన రోజుల కూలి, బాధకి నష్టపరిహారం. లెక్క కాగితాలతో నిలబడే మొత్తానికే కమిషన్ దగ్గర విలువ ఉంటుంది. ఐదు లక్షల్లోపు చెల్లించిన సేవకి ఫీజు లేదు కాబట్టి ఖర్చు భయం అక్కర్లేదు. లాయరు తప్పనిసరి కూడా కాదు. నా వృత్తికి నష్టమైనా చెబుతున్నాను.

ముందు 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళ ఫోన్‌కే కొందరు దిగొస్తారు. దిగిరాకపోతే ఇద్దరికీ నోటీసు పంపండి, అక్నాలెడ్జ్‌మెంట్ ఉండేలా స్పీడ్ పోస్టులో. 15 రోజులు చూడండి. తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లోనో, నేరుగా కమిషన్ ఆఫీసులోనో ఫిర్యాదు వెయ్యండి. నోటీసు అందాక జవాబుకి ఆయనకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అంతకు మించి కమిషన్ కూడా ఇవ్వలేదు. ప్రతి వాయిదాకీ పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి రావడం మీకు కష్టమైతే, వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరవుతామని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసులు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అక్కడ ఉంది కదా అని నమ్ముకోకండి, ఏడాది పట్టినా ఆశ్చర్యపోవద్దు. కమిషన్ రాజీకి పంపిస్తే వెళ్ళండి, అయితే పిన్నిగారి బిల్లులు తప్ప మిగతావాటిలోనే తగ్గండి.

ఫిర్యాదుకి గడువు రెండేళ్ళు. గడువుంది కదా అని ఊరుకుంటే మీ ఫోన్లలోని ఫోటోలు ఉండవు. పాంప్లెట్, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్ మొత్తం, బండి నంబరు కనిపించే ఫోటో దాచండి. ఆ నంబరు ప్లేటు తెలుపా, పసుపా చూడండి. తెలుపైతే అద్దెకి తిప్పే పర్మిట్ లేని బండి, రవాణా శాఖకి విడిగా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫోన్లలోంచి తీసిన కాగితాలకి, అవి ఫలానా ఫోన్‌లోంచి తీసినవేనని చెప్పే సర్టిఫికెట్ (కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, 63వ సెక్షన్ కింద) జతచెయ్యండి.

అన్నిటికన్నా ముందు రెండు టైములు కావాలి. మీలో ఎవరో బొజ్జన్నకొండ మెట్ల దగ్గర పిన్నిగారు పడటానికి కాస్త ముందు ఫోటో తీశారని రాశారు. ఆ ఫోటో డీటెయిల్స్‌లో టైము ఉంటుంది, ఇంకెవరికీ ఫార్వర్డ్ చెయ్యకుండా అసలు ఫోన్‌లోనే ఉంచండి. రెండోది వైజాగ్ ఆస్పత్రి ఓపీ చీటీ. దాని మీద పేషెంటు వచ్చిన టైము వేస్తారు. ఈ రెండిటి మధ్య ఎన్ని గంటలున్నాయో చూసి, అది నాకు రాయండి.