ఆఫీసు మూతపడితే గడువు పెరుగుతుందా? ముందు ఏ ఆఫీసో చెప్పండి

'వానలకు పేటెంట్ ఆఫీసు ఉన్నట్టుండి మూసేశారు, నా ఆఖరి రోజు కూడా అదే, గడువు దానంతటదే పెరుగుతుందా?' అని ఒకరు అడిగారు. పెరుగుతుంది అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లే ఎక్కువ. నేనూ ఒకసారి అలాగే చెప్పి, చావు తప్పి కన్ను లొట్టపోయినంత పని చేసుకున్నాను.

నేను పేటెంట్ ఫైలింగ్ పనిలో ఉన్నాను. మా క్లయింట్ ఒకాయన తలుపు బందు (కీలు) ఒకటి కనిపెట్టి, ఇక్కడ అప్లికేషన్ వేశారు. దాని ఆధారంగా వేరే దేశంలో వేయడానికి 12 నెలల ప్రయారిటీ గడువు ఉంటుంది (ట్రేడ్‌మార్క్‌కయితే ఆరే నెలలు). ఆలోపు వేస్తే, కొత్తదనం చూసేటప్పుడు మొదటి అప్లికేషన్ తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ 12 నెలలు ఒక గురువారంతో అయిపోతున్నాయి. ఆ పొద్దున్నే ఇక్కడి పేటెంట్ ఆఫీసు మూత అని నోటీసు వచ్చింది. ఆయనకు ఫోన్ చేసి 'కంగారు పడకండి సార్, రేపు వేద్దాం' అన్నాను. ఆ దేశంలోని ఏజెంటుకూ అదే రాశాను. సాయంత్రం జవాబు వచ్చింది: 'ఇక్కడ ఆఫీసు తెరిచే ఉందండీ.'

పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల మీద దేశాల మధ్య ఉన్న పారిస్ ఒప్పందం (వాతావరణానిది కాదు) 4వ అధికరణం చూసేది మనం రక్షణ అడుగుతున్న దేశంలోని ఆఫీసు మూతపడిందా అనే. మన ఆఫీసు మునిగిపోయినా వాళ్లకేం పట్టదు. పైగా ఈయన మొదటి అప్లికేషన్ వేసిన మర్నాడే బందు వీడియో నెట్లో పెట్టేశారు. ప్రయారిటీ పోతే ఆ వీడియోనే ఆయన పేటెంటుకు అడ్డం పడేది.

వాళ్ల గడియారం మాకంటే వెనక ఉండటం ఒక్కటే అదృష్టం. క్లెయిములకు (ఏ అంశాల మీద హక్కు కావాలో చెప్పే వాక్యాలకు) చేసిన చివరి దిద్దుబాట్లన్నీ ఆయన ఇంట్లో కాగితం మీద పెన్నుతో ఉన్నాయి. ఫొటోలు తీసి పంపమన్నాను. నాలుగో క్లెయిము మీద ఆయన బొటనవేలు! మళ్లీ తీయమంటే ఈసారి ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా ఆ వాక్యం మీదే పడింది. చివరికి ఫోన్లో చదివి వినిపిస్తుంటే టైప్ చేశాను. వాళ్ల టైము ప్రకారం రాత్రి 11:40కి ఫైలింగ్ రసీదు వచ్చింది.

ఇంకో చిక్కు, 'మూత' అంటే ఏమిటన్నది. అమెరికా పేటెంట్ ఆఫీసు ముందు చెప్పకుండా రోజంతా మూసేస్తే దాన్ని సెలవుగా లెక్కేస్తుంది, కొన్ని గంటలు మూస్తే లెక్కేయదు. 2015 డిసెంబరులో కరెంటు పోయి సిస్టమ్స్ పడిపోతే 22, 23, 24 తేదీలను సెలవు కిందే తీసుకున్నారు. క్రిస్మస్, శని, ఆదివారాలు కూడా కలిసొచ్చి 28న వేసినవి చెల్లాయి. అదే 2013 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు, ఈ ఆఫీసు మాత్రం దాచుకున్న ఫీజు డబ్బుతో తెరిచే ఉంది. టీవీలో 'షట్‌డౌన్' అని చూసి దుప్పటి కప్పుకున్నవాళ్ల గతి ఆలోచించండి.

నాకు ఒళ్లు మండేది నోటీసుల భాషతో. 'సేవలకు అంతరాయం కలగవచ్చు' అంటారు. గడువు పెంచారా లేదా అన్న ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోతుందో!

తర్వాత బతిమాలుకోవచ్చులే అని కూడా అనుకోకండి. పీసీటీలో (ఒకే అప్లికేషన్‌తో చాలా దేశాల్లో పేటెంటు అడిగే ఒప్పందంలో) వరద, సమ్మె వంటి కారణాలకు ఆలస్యాన్ని మన్నించే నియమం ఉన్నా అది ప్రయారిటీ గడువుకు వర్తించదు. దానికి వేరే దారి ఉంది: గడువు దాటిన రెండు నెలల్లోపు వేసి, ప్రయారిటీ హక్కును పునరుద్ధరించమని అడగొచ్చు. కానీ అన్ని దేశాలూ దాన్ని ఒప్పుకోవు.

మీరు కాగితాలు వేయాల్సిన ఆఫీసే రోజంతా మూసి ఉంటే, మూత నోటీసు కాపీ దాచుకుని, తెరిచిన మొదటి రోజే వేసేయండి. ఆన్‌లైన్ ఫైలింగ్ నడుస్తుంటే మాత్రం ఇవాళే వేయండి. వేయాల్సింది వేరే దేశంలో అయితే ఈ జవాబు పక్కన పెట్టి ముందు అక్కడి ఏజెంటుకు ఫోన్ చేయండి.